పదిహేడుకి హార్న్

ఏప్రిల్ 22, సోమవారం. ఈస్టర్ సెలవుల్లో ఆఖరి రోజు

అల్లుడు ఎస్పెన్ కారులో కొత్త స్టీరియో పెట్టి వెళ్లాడు. పాతది జనవరి నుంచి మొరాయిస్తోంది. ఒక సీడీని మింగి కూర్చుంది. అంకెలు సగం సగమే కనిపిస్తాయి. అయినా పలికేది, పాపం. కొత్తది నా పుట్టినరోజు కానుకట. నా పుట్టినరోజు నవంబర్‌లో అన్నాను. ముందుగా వచ్చిందనుకోమన్నాడు.

పొద్దున పదింటి నుంచి మూడింటి దాకా డాష్‌బోర్డు విప్పి అందులో తల దూర్చి కూర్చున్నాడు. నేను నారింజపళ్లు వలిచి ఇస్తూ నిలబడ్డాను. ముప్పై ఒక్కేళ్లు స్కూలు బస్సు నడిపినదాన్ని, నాకూ కాస్త తెలుసని రెండుసార్లు చెప్పాను. లోపలికెళ్లి కూర్చోమని రెండుసార్లు చెప్పాడు.

స్క్రీన్ బడిపిల్లల పలకంత ఉంది. ఫోన్ దానంతటదే కలుస్తుంది. మ్యాప్ వస్తుంది. ఇక అమ్మకి టన్నెల్లో కూడా పాటలొస్తాయని కూతురు సిల్యే మురిసిపోయింది. నేనూ మురిశాను. ఇక్కడ కూడా అబద్ధమెందుకు.

ఏప్రిల్ 24, బుధవారం. సాయంత్రం ఎనిమిది

రేడియో రాలేదు.

మొదటి నుంచి రాస్తాను. రాస్తే కోపం కాస్త దిగుతుందేమో.

బుధవారం ఆరింటికి మా లోకల్ రేడియోలో బింగో. చీటీలు కిరాణా కొట్లో కొనుక్కోవాలి. సివ్ అనే ఆమె డెబ్భై అయిదింట్లోంచి నంబర్లు తీసి చదువుతుంది, ఒక్కో నంబరు రెండేసిసార్లు. చీటీ నిండితే వెంటనే రేడియోకి ఫోన్ చేయాలి. ఈలోగా సివ్ తర్వాతి నంబరు చదివేసిందా, నిండిన చీటీ అయినా చెల్లదు. పంతొమ్మిదేళ్లుగా ఆడుతున్నాను. అడ్డవరస, నిలువు వరస చాలాసార్లు వచ్చాయి. ఆఖరి ఆటలో చీటీ మొత్తం నిండితే జాక్‌పాట్. అది మాత్రం ఒక్కసారీ రాలేదు.

మా ఊరు కొండ చాటున ఉంది. ఆ రేడియో ఇళ్లలో వినపడదు. స్కార్‌నెస్ పాత రేవు దగ్గరకెళితేనే వినపడుతుంది. టన్నెల్ తెరిచాక ఫెర్రీ ఆగిపోయి ఎనిమిదేళ్లయింది. నేల మీద లైన్ల గీతలు మాత్రం ఇంకా ఉన్నాయి. బుధవారం సాయంత్రం తొమ్మిదో పదో కార్లొస్తాయి. ఫెర్రీ ఎక్కబోతున్నట్టే వచ్చిన వరసలో ఒకటో లైను, రెండో లైను చూసుకుని ఆగుతాం. ఎవరూ దిగరు. ఎవరూ అద్దం దించరు. ఎవరి కారు వాళ్లది, ఎవరి ఫ్లాస్కు వాళ్లది. తల ఊపితే పలకరించినట్టే. ఒక్క పదిహేడు నంబరు వచ్చినప్పుడు మాత్రం అందరం హార్న్ కొడతాం. మే పదిహేడు జాతీయ దినం కదా, అందుకని. ఇది మొదలుపెట్టింది ఎవరో ఊరందరికీ తెలుసు. నా భర్త హాల్వరే. ఆ ఫెర్రీకి ఇంజనీరుగా పనిచేసినవాడు. బింగో రోజున తనకేదో అధికారం ఉన్నట్టు ఉండేవాడు.

అక్టోబర్‌లో స్ట్రోక్ వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పోయాయి. మాట పోయింది. ఇప్పుడు కేర్ హోమ్‌లో ఉన్నాడు. బుధవారం నేను వెళ్లి తీసుకొస్తాను. అతను ఎక్కి దిగడానికి సీటు బయటికి తిరిగేలా మున్సిపాలిటీ వాళ్లు ఈ కారుకి అమర్చారు. కాబట్టి ఇంకెవరి కారూ మాకు పనికిరాదు.

ఎవరికీ చెప్పని సంగతొకటి ఉంది. జనవరిలో ఒక బుధవారం సివ్ తొమ్మిది అంది. పక్కసీట్లోంచి హాల్వర్ తొమ్మిది అన్నాడు. నేను కాఫీ ఒళ్లో పోసుకున్నాను. అప్పటి నుంచి ప్రతి బుధవారం ఆమె ఏ నంబరు చదివితే అతను ఆ నంబరు చెబుతాడు. గొంతు పాత గొంతే. ఆట అయిపోతే మళ్లీ మౌనం. నాకు అతని గొంతు వినపడేది వారంలో ఆ ఒక్క గంటే.

పట్నం నుంచి వచ్చే స్పీచ్ థెరపిస్టుని తెలియనట్టు అడిగాను. లెక్కపెట్టడం మాట్లాడటం కిందికి రాదంది. పాటలు ఉండేచోటి నుంచి వస్తుందట. చిలక పలుకులాంటిది, అర్థం తెలిసి అనేది కాదు, ఆశపెట్టుకోవద్దు అంది. అయినా ఉన్నది వాడుతూ ఉండాలని, వాడకపోతే అదీ పోతుందని కూడా అంది. ఆ రెండో మాట నా గుండెలో ముల్లులా దిగింది.

ఇవాళ ఐదున్నరకే రేవుకి వెళ్లాం. పలకంత స్క్రీన్ మీద ఎఫ్ఎమ్ నొక్కాను. సిగ్నల్ లేదంది. ఆరయింది. చుట్టూ కార్లలో తలలు వంగాయి, పెన్నులు కదిలాయి. నా చీటీ తెల్లగా ఉంది. కాసేపటికి అందరూ హార్న్ కొట్టారు. పదిహేడన్నమాట. హాల్వర్ ఎడమ చేయి చాచి మా హార్న్ నొక్కాడు. నొక్కి నా వైపు చూశాడు. నోరు మాత్రం తెరవలేదు.

ఇంటికి రాగానే ఎస్పెన్‌కి ఫోన్ చేశాను. ఎంత నెమ్మదిగా చెప్పాడో.

"ఎఫ్ఎమ్ రెండేళ్ల కిందటే ఆపేశారు కదా అత్తయ్యా. చచ్చిపోయినదానికి వైరెందుకని నేను కలపలేదు."

పెద్ద స్టేషన్లన్నీ ఆపేసి డిజిటల్‌కి మారాయి, నిజమే. మాలాంటి ఊళ్ల చిన్న రేడియోల్ని మాత్రం పాత ఎఫ్ఎమ్‌లోనే వదిలేశారు. పట్నంలో ఉండేవాడికి ఆ సంగతి ఏం తెలుస్తుంది. పైన పటారం, లోన లొటారం.

అతని మీద అరవలేదు. అరవకపోవడం మా ఇంటి జబ్బు.

ఏప్రిల్ 25, గురువారం

చిన్న ఎఫ్ఎమ్ రేడియో ఒకటి కారులో పెట్టుకుంటే సరి అనుకున్నాను. ఇల్లంతా వెతికాను. ఎఫ్ఎమ్ ఆపేసిన ఏడాది పాత రేడియోలు రీసైక్లింగ్‌కి ఇచ్చేయమని ఇంటింటికీ కాగితం పంపారు. చెప్పినమాట వినే జాతి కదా మనది. వంటగదిది, షెడ్డుది, పడవది, మా అమ్మదీ, నాలుగూ నా చేతులతోనే తీసుకెళ్లి బుట్టలో వేసొచ్చాను. కారు పాత స్టీరియోని కూడా ఎస్పెన్ ఆ బుట్టలోనే వేసి వెళ్లాడు, కొట్లో ఇప్పుడు డిజిటల్‌వే అమ్ముతున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

ఏప్రిల్ 27, శనివారం

డాష్‌బోర్డు నేనే విప్పాను. ప్లాస్టిక్ ముక్కలు విరగకుండా వెన్నకత్తితో పైకి లేపాలి. ఒకటి విరిగింది. అది కనపడనిచోటే.

వెనక పాత యాంటెనా వైరు దొరికింది. ఎస్పెన్ దాన్ని చుట్టి, టేపు వేసి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు ఓ మూల పెట్టాడు. పని మాత్రం శుభ్రంగా చేస్తాడు, ఆ మాట అనక తప్పదు. కొత్త స్టీరియోకి గుచ్చుదామని చూశాను. పిన్ను పట్టలేదు. ఇది ఒక తీరు, అది ఒక తీరు.

ఏప్రిల్ 29, సోమవారం

గ్యారేజీ నడిపే స్టైనార్ దగ్గరికి వెళ్లాను. అతను నాతో చదువుకున్నవాడు. ఎనిమిదో క్లాసు నుంచీ నన్ను ఏడిపిస్తూనే ఉన్నాడు. జాక్‌పాట్ కొట్టి ఎవరికీ చెప్పకుండా పెద్ద స్టీరియో పెట్టించావా అన్నాడు. నవ్వాను. సొరుగులన్నీ గాలించి ఒక అడాప్టర్ తీశాడు. ఒక పక్క పాత వైరు, రెండో పక్క కొత్త స్టీరియో. తనే పెడతానన్నాడు. వద్దన్నాను. ఈ పని నా చేత్తోనే అవ్వాలని మొండితనం వచ్చేసింది. ఎందుకో నాకే తెలియదు.

మే 1, బుధవారం

నిన్న పెట్టాను. ఇంటి దగ్గర ఎటూ రాదు కాబట్టి పరీక్షించడానికి వీల్లేకపోయింది.

రేవు దగ్గర ఎఫ్ఎమ్ నొక్కాను. చేపలు వేగుతున్న చప్పుడు. ఆ చప్పుడు అడుగున ఎక్కడో సివ్. ఆడగొంతు అని తెలుస్తుంది, అంతే. ముప్పయ్యా, అరవయ్యా? హాల్వర్ మెడ ముందుకు చాచి విన్నాడు. పెదవులు కదిపాడు. కదిపి, ఆపేశాడు.

ఇంటర్నెట్‌లో వినమని సిల్యే చెప్పింది కదా అని ఫోన్‌లో పెట్టాను. స్పష్టంగా ఉంది. కానీ నలభై సెకన్లు ఆలస్యం. ముందు చుట్టూ కార్ల హార్న్‌లు మోగాయి. హాల్వర్ చేయి లేచింది. హార్న్ కొట్టాడు. అందరూ ఆపేసి పెన్నులు పట్టుకున్నాక ఫోన్‌లో సివ్ తీరిగ్గా పదిహేడు అంది. అతను ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు, కళ్లు మూసుకున్నాడు. నేను ఫోన్ ఆపేశాను.

తిరిగి వెళ్లేటప్పుడు కేర్ హోమ్ నర్సు ఇవాళ బాగా అలసిపోయాడేమిటని అడిగింది. గాలి ఎక్కువగా ఉందన్నాను.

మే 2, గురువారం

నేనే నంబర్లు చదివి చూశాను. అతని గదిలో, తలుపు వేసి, సివ్ లాగే రెండేసిసార్లు. పన్నెండు దాకా ఓపికగా విన్నాడు. తర్వాత నా చేయి పట్టుకుని, చాల్లే అన్నట్టు మెల్లగా తట్టాడు.

మే 4, శనివారం

నిద్ర సరిగ్గా పట్టడం లేదు. పొద్దున వాఫిల్స్ వేశాను. ఒక్కదాని కోసం అన్ని ఎందుకో తెలియదు. సగం ఫ్రీజర్‌లో పెట్టాను.

సిల్యే ఫోన్ చేసింది. స్టీరియో సంగతి అంత పట్టుకుని కూర్చున్నావేమిటి అమ్మా, బింగో అంటే అంత పిచ్చా అని నవ్వింది. ఎస్పెన్ చిన్నబుచ్చుకున్నాడట. చెప్పేద్దామనుకున్నాను. చెబితే ఏమవుతుంది? వచ్చే బుధవారానికి వచ్చేస్తుంది. వీడియో తీస్తుంది. థెరపిస్టుకి పంపుతుంది. ఆమె చిలక పలుకని మళ్లీ చెబుతుంది, ఈసారి నా కూతురికి. నా మట్టుకు నాకు అది చిలకైనా సరే. మిగిలినవాళ్ల ముందు అతన్ని చిలక అనిపించుకోనివ్వను.

బింగో అంటే పిచ్చే అని ఒప్పుకున్నాను.

మే 6, సోమవారం

పొద్దున కోపం పట్టలేక రేడియోకి ఫోన్ చేశాను. మీ టవర్ పాడైంది, చూసుకోండి అందామని. ఎత్తింది సివ్! రేడియోలో విన్న గొంతు చెవిలో వినపడేసరికి, టవర్ పాడైందన్న మాట కూడా బతిమాలినట్టే అన్నాను. ఎక్కడా ఫిర్యాదు లేదంది. కారేమైనా మార్చారా, స్టీరియో ఏమైనా మార్చారా అని మర్యాదగా అడిగింది. లేదన్నాను. ఎందుకన్నానో దేవుడికే తెలియాలి. అరవై ఆరేళ్లదాన్ని, దొంగతనం చేసి దొరికిన పిల్లలా ఫోన్ పెట్టేశాను.

మధ్యాహ్నం సిగ్గు విడిచి స్టైనార్ దగ్గరికే వెళ్లాను. కారు చూసి ముందే చెప్పాల్సింది అని తల గోక్కున్నాడు. నా కారుకి యాంటెనా కర్ర లేదు. వెనక అద్దంలోనే సన్నని తీగలున్నాయి. ఆ తీగలు పట్టే సిగ్నల్‌ని పెద్దది చేసే చిన్న పెట్టె ఒకటి అద్దం పక్కన ఉంటుందట. దానికి కరెంటు కావాలి. పాత రేడియో ఆ కరెంటుని యాంటెనా వైరు మీదుగానే పంపేది. కొత్తది పంపదు. పాతది దానికి రోజూ అన్నం పెట్టేది, నువ్వు తెచ్చింది పెట్టడం లేదు అన్నాడు స్టైనార్. ఆ మాటతో నాకు మొత్తం అర్థమైంది.

కరెంటు పంపే అడాప్టర్ వేరే ఉంది. స్టైనార్ దగ్గర లేదు. పట్నం నుంచి రావాలి, శుక్రవారానికి వస్తుంది. అంటే ఈ బుధవారమూ అంతే.

"ఇంతకీ ఎందుకే నీకింత ఆరాటం?" అన్నాడు. ఈసారి ఏడిపించడానికి కాదు.

హాల్వర్‌కి ఆట ఇష్టమని చెప్పాను. స్టైనార్ కాగితం తీసి ఆర్డరు రాసుకున్నాడు.

మే 8, బుధవారం

ఇవాళ రేవుకి వెళ్లకూడదనుకున్నాను. కానీ నేను కేర్ హోమ్‌కి వెళ్లేసరికి హాల్వర్ కోటు వేసుకుని తలుపు దగ్గర కూర్చున్నాడు. ఎడమ చేత్తో గుండీలన్నీ తనే పెట్టుకున్నాడట. ఒకటి తప్పు కన్నంలో ఉంది. తీసుకెళ్లాను.

సన్నగా వాన. రెండో లైన్లో ఆగాం. నా పక్కన ఒకటో లైన్లో ఎప్పటిలాగే తూరిడ్. ఏడేళ్లుగా బుధవారం నా పక్కనే ఆగుతుంది. రేవులో మేం తల ఊపడం తప్ప మాట్లాడుకుంది లేదు. కొట్లో కనపడితే వాతావరణం గురించి అనుకుంటాం. ఆమె కారు పాతది, రేడియో పాతది.

ఆరయింది. నేను స్టీరియో వేయనేలేదు. చీటీ కూడా కొనలేదు. హాల్వర్ అద్దం మీద వాన చూస్తున్నాడు.

అప్పుడు తూరిడ్ అద్దం దించింది. మొత్తం దించింది. వాన లోపలికి, ఆమె చీటీ మీద పడుతోంది. రేడియో గొంతు పెంచింది. నన్ను చూడకుండా ఎదురుగా సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. నేనూ మా అద్దాలు దించాను. కాసేపటికి మూడో లైన్లోవాళ్లు దించారు. తర్వాత వెనకవాళ్లు. అన్ని కార్ల నుంచీ సివ్. అటు నుంచి ఇరవై రెండు, ఇటు నుంచి ఇరవై రెండు, వెనక నుంచి ఇంకో ఇరవై రెండు. హాల్వర్ తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, ఇందరు సివ్‌లలో ఎవరికి బదులు చెప్పాలో తెలియనట్టు. తర్వాత నవ్వాడు. స్ట్రోక్ తర్వాత మొదటిసారి నవ్వడం చూశాను. నోరు ఒక పక్కకే వెళుతుంది.

నంబరు మాత్రం ఒక్కటీ చెప్పలేదు.

ఆట అయ్యాక తూరిడ్ కారు దిగింది. రేవులో ఎవరైనా కారు దిగడం నేను చూడలేదు. గొడుగు లేకుండా మా అద్దం దగ్గరికి వచ్చి నిలబడింది. చలికాలమంతా అద్దంలోంచి హాల్వర్ పెదవులు కదలడం చూశానంది. మూడు వారాలుగా కదలడం లేదంది.

"అడగొచ్చో అడగకూడదో తెలియలేదు రాగ్నా. మొదటి బుధవారమే దించాల్సింది."

ఫర్వాలేదన్నాను. ఆమె హాల్వర్ భుజం మీద చేయి వేసి వెళ్లిపోయింది. ఆమె సీటు అంతా తడిసి ఉంటుంది.

నేను ఎవరికీ చెప్పలేదనుకుంటున్న సంగతి మూడు లైన్లకీ తెలుసన్నమాట.

మే 10, శుక్రవారం

అడాప్టర్ వచ్చింది. బొటనవేలంత ఉంది. దీనికోసమా ఇంత!

మే 11, శనివారం

ముందు బ్యాటరీ వైరు తీశాను. డాష్‌బోర్డు విప్పాను. ఈసారి ఏదీ విరగలేదు. పాత అడాప్టర్ తీసి కొత్తది గుచ్చాను. దాని పక్క నుంచి ఒక సన్న వైరు వస్తుంది. దాన్ని స్టీరియో వెనక ఉన్న నీలం వైరుకి కలపాలి. రేడియో వేసినప్పుడు మాత్రమే కరెంటొచ్చేది అదేనని స్టైనార్ కాగితం మీద బొమ్మ గీసిచ్చాడు. ఎస్పెన్ ఆ నీలం వైరుని కూడా టేపు వేసి పడుకోబెట్టాడు. లేపాను.

ఒక్కదాన్నే రేవుకి వెళ్లాను. నాలుగయింది. ఒక్క కారు లేదు. అలవాటుగా రెండో లైన్లోనే ఆపాను. నొక్కాను.

అకార్డియన్. పాటలు కోరుకునే కార్యక్రమం. ఎవరో ఎనభై ఏళ్లు నిండిన చెల్లెలికి డాన్స్ పాట అడిగారు. ఒక్క చిటపట లేదు. అకార్డియన్ మీట నొక్కినప్పుడు లోపల గాలి పీల్చే చప్పుడు కూడా వినపడింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. హార్న్ మోగింది. రేవు మీద పక్షులన్నీ లేచాయి.

తర్వాత ఫోన్ ఛార్జర్ గుచ్చాను. మళ్లీ జుయ్యిమని కందిరీగ. తీశాను, పోయింది. గుచ్చాను, వచ్చింది. చవక ఛార్జర్. దాన్ని ఇంట్లోనే వదిలేయాలి, ఫోన్‌ని ఛార్జ్ చేసుకుని రావాలి. అంతే కదా.

రాత్రి ఎస్పెన్‌కి ఫోన్ చేసి స్టీరియో చాలా బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది. నీలం వైరు గురించి కూడా చెప్పాను. అంతా చెప్పేదాకా విన్నాడు. తర్వాత, "మీరు కూర్చోండి అని ఇంకెప్పుడూ అనను అత్తయ్యా" అన్నాడు. అలా అన్నాక ఇక కోపం ఎక్కడిది.

మే 15, బుధవారం. రాత్రి తొమ్మిది, ఇంకా వెలుతురుగానే ఉంది

వరసగా రాయాలి.

కొట్లో రెండు చీటీలు కొన్నాను. ఫోన్ నిండా ఛార్జ్ ఉంది. ఐదున్నరకే రేవు. తూరిడ్ తల ఊపింది. నేనూ ఊపాను. అద్దం కొంచెం దించి ఉంచింది, అవసరమైతే చూద్దామని. నేను వద్దని, అద్దం పైకి ఎత్తేయమని చేత్తో సైగ చేశాను. ఎత్తేసింది.

సివ్ నమస్కారం చెప్పింది. మా కారులో, మా ముందే కూర్చున్నట్టు. హాల్వర్ నిటారుగా అయ్యాడు. మొదటి నంబరు నలభై నాలుగు. అతను నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. రెండోది అయిదు. ఏమీ రాలేదు. నేను చీటీ మీద మార్కు పెట్టలేకపోయాను. మూడు వారాల్లో పోయిందా, వాడకపోతే పోతుందన్న మాటే నిజమైందా అనుకున్నాను. మూడోది ముప్పై ఒకటి.

"ముప్పై ఒకటి," అన్నాడు హాల్వర్.

తర్వాత ఇక వదిలిపెట్టలేదు. బొంగురుగా, తుప్పు పట్టిన తలుపులా మొదలై, పది నంబర్లు గడిచేసరికి అతని గొంతు అతనికి వచ్చేసింది. మొదటి ఆట ఎవరో గెలిచారు. రెండోది ఎవరో గెలిచారు. రెండింట్లోనూ పదిహేడు రాలేదు. ఆ సంగతి నేను అప్పుడు గమనించలేదు. తర్వాత గుర్తొచ్చింది.

ఆఖరి ఆట, నిండు చీటీ. అతని ఒళ్లో ట్రే, ట్రే మీద చీటీ. నేను మార్కు పెడుతున్నాను, అతను వేలు పెట్టి గడులు చూపిస్తున్నాడు. నిండుతోంది. చూస్తుండగానే నిండుతోంది. ఆరు గడులు మిగిలాయి. నాలుగు. రెండు. పంతొమ్మిదేళ్లలో నేను రెండు దాకా రాలేదు. ఒకటి. చీటీ మీద జి అనే నిలువు వరసలో యాభై రెండు.

యాభై రెండు, అంది సివ్.

యాభై రెండు, అన్నాడు హాల్వర్.

మార్కు పెట్టాను. చీటీ నిండింది. ఫోన్ మా ఇద్దరి మధ్య ఉంది. తీసుకోబోయాను. హాల్వర్ ఎడమ చేయి ఫోన్ మీద పడింది. పట్టుకున్నాడు. ఒకప్పుడు ఇంజను నట్లు బిగించిన చేయి. అర్థం కాలేదనుకున్నాను. బింగో అని చెప్పాను. చీటీ చూపించాను. లాగాను. వదల్లేదు. నన్నే చూస్తున్నాడు. కళ్లు కోపంగా లేవు, కంగారుగా లేవు. ఆగు, అంటున్నాయి. బస్సు డ్రైవర్ని కాబట్టి ఆగమంటే నాకు తెలుస్తుంది.

సివ్ ఎవరికైనా వచ్చిందా అని ఎప్పటిలా అడిగి, క్షణం చూసి, అరవై ఒకటి చదివింది. పోయింది. పంతొమ్మిదేళ్లు.

"అరవై ఒకటి," అన్నాడు హాల్వర్. చేయి ఇంకా ఫోన్ మీదే ఉంది.

నాలుగు. నాలుగు. ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది. నేను ఏమీ చేయకుండా కూర్చున్నాను. చిలక పలుకు అన్న ఆమె మాట గుర్తొచ్చింది. పోనీ, ఆట ఇంకాసేపు సాగుతుంది, గొంతు ఇంకాసేపు వినొచ్చు అనుకుని సరిపెట్టుకున్నాను.

తర్వాత సివ్ పదిహేడు అంది.

హాల్వర్ చేయి ఫోన్ మీద నుంచి లేచి నేరుగా హార్న్ మీదికి వెళ్లింది. "పదిహేడు," అని గట్టిగా అరిచి నొక్కాడు. చుట్టూ కార్లన్నీ మోగాయి. ఈ సాయంత్రం అదే మొదటి పదిహేడు, అందరూ ఎదురుచూస్తున్నట్టున్నారు, ఎవరూ ఒక పట్టాన ఆపలేదు. తూరిడ్ రెండు చేతులతో కొడుతోంది. హాల్వర్ అందరికంటే ఆలస్యంగా ఆపాడు. ఆపి, ఫోన్ తీసి నా ఒళ్లో పెట్టాడు. ఇప్పుడు కావాలంటే చేసుకో అన్నట్టు, ఒక పక్క నోటితో నవ్వుతూ.

పదిహేడు రాలేదని అతనికి తెలుసు. మొదటి ఆట నుంచీ లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాడు. ఏది వచ్చిందో, ఏది రాలేదో తెలుసు. నేను ఫోన్ చేస్తే ఆట ఆగిపోతుందని, అది ఇక రాదని తెలుసు. చిలకకి ఇవన్నీ తెలుస్తాయా?

రెండు నంబర్ల తర్వాత అవతలి ఒడ్డున ఎవరో గెలిచారు. సివ్ అభినందించింది. నేనూ అభినందించాను, పైకే. హాల్వర్ ట్రే మీద నిండిన చీటీని వేలితో తట్టి, నా వైపు చూసి, క్షమించమన్నట్టు భుజం ఎగరేశాడు. నేను నవ్వి నవ్వి కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

మే 16, గురువారం

అంట్లు తోముతూ ఒకటి నుంచి డెబ్భై అయిదు దాకా పైకి లెక్కపెట్టాను, అతను చెప్పినట్టే, ఒక్కొక్కదాని తర్వాత కాస్త ఆగి. పదిహేడు దగ్గర హార్న్ లేదు. గరిటెతో గిన్నె మీద కొట్టాను.